తోలింది ఎవరు?

పదిన్నరకు రమ్మన్నారు, సుబ్బరత్నమ్మ పదిన్నరకే వచ్చింది. తాళం మాత్రం రాలేదు.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఆ యూనిట్‌లో ముందు టైలర్ల షెడ్డు, వెనక గుడ్డ కోసే గోడౌన్. గోడౌన్‌కు ఇనుప షట్టర్, దాని బీగం బయటి పక్కనే, తెరవాలన్నా మూయాలన్నా తాళం దూర్చి తిప్పాల్సిందే. ఆ షట్టర్ ముందు స్టూలు వేసుకుని యజమాని నారాయణ తీరిగ్గా కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె, ప్రతి మాటకూ ముందొక నవ్వు.

"తాళం తిప్పేష్ కాడ ఉండాదక్కా. వాడు వస్తేనే తెరిచేది."

"యూనిట్ నీది, తాళం వానిదా?"

"ఒకటే తాళం ఉండాది మాకు. ఇంకోటి చేపిద్దాం చేపిద్దాం అనే రెండేండ్లు పాయ. దినామూ నేను గూడా వాని కోసరం ఇట్లే కాచుకుంటా."

సొంత గోడౌన్ ముందు ఇంత ఓపికగా కాచుకునే యజమానిని రత్నమ్మ తన సర్వీసులో చూడలేదు. ముప్పై ఏళ్ళు పోలీసు శాఖలో చేసింది. చివరి తొమ్మిదేళ్ళు పాస్‌పోర్టు విచారణల బల్ల. ఎవరు దేశం దాటవచ్చో, ఎవరు దాటకూడదో ఆమె రాసిన రెండు లైన్ల మీద తేలేది. పై అధికారి చెప్పినట్టు రాయనన్నందుకు మెమో వచ్చింది, మెమో చించి రాజీనామా ఇచ్చింది. ఇప్పుడు అనంతపురంలో జిరాక్సు షాపు మీద ఒక గది, గది తలుపు మీద 'రహస్య విచారణలు' అన్న బోర్డు. తనకల్లు మనిషి కదా, మాట మెత్తగా ఉండదు. అయినా జనం రత్నమ్మక్క అనే వెతుక్కుంటూ వస్తారు.

ఇరవై నిమిషాల తర్వాత తిప్పేష్ బైకు మీద వచ్చాడు. ఈ యూనిట్‌లో కటింగ్ మాస్టర్, ముప్పై మూడేళ్ళు. తాళాల గుత్తి తీసి షట్టర్ పైకి లేపాడు. నారాయణ స్టూలు మడిచి షెడ్డులోకి వెళ్ళాడు.

రత్నమ్మ కోతబల్ల మీద మూడు కాగితాలు పరిచింది.

"ఈ పొద్దు మంగళవారం. శుక్రవారం లోపల కెనడావాళ్ళకు జవాబు పోవల్ల. నీ భార్య రెబెకా ఆడ ముసలోళ్ళ ఆశ్రమంలో నర్సుగా చేరి పద్నాలుగు నెలలాయ. నీ కూతురు నందినికి వీసా వచ్చింది. నీకు సంజాయిషీ అడుగుతా లెటర్ వచ్చింది. ఎందుకొచ్చిందో నీ నోటితో చెప్పు."

"తాగి బండి నడిపిన కేసు అక్కా."

"నడిపినావా?"

"లేదు."

"తాగినావా?"

"జన్మలో నాలిక మీద పెట్టలా."

"మరి కోర్టులో ఎందుకు ఒప్పుకున్నావు?"

తిప్పేష్ తల వంచుకున్నాడు. "వరసలో ముప్పై మందిమి నిలబడింటిమి. పేరు పిలుస్తాండారు, తప్పు ఒప్పుకుంటావా అంటాండారు, ఊ అంటాండాము. ఒప్పుకుంటే ఫైనుతో పోతాది, లేదంటే ఏండ్లు తిరగల్ల అనిరి. సాయంత్రం దాకా కోర్టులో నిలబెట్టి ఇంటికి తోలేసిరి. అంత చిన్న కేసుకు ఇంత పెద్ద వాకిలి మూసుకుంటాదని ఎవురికి తెల్సు?"

"ఈడ నీకు ఎంత శిక్ష పడిందని వాళ్ళు చూడరప్పా. అదే తప్పు వాళ్ళ దేశంలో చేసింటే ఎంత పడుతుందో చూస్తారు. ఆడ తాగి బండి నడిపితే పదేండ్ల దాకా వెయ్యొచ్చని చట్టం. అందుకే వాళ్ళ లెక్కలో నువ్వు పెద్ద నేరస్తునివి. శిక్ష ముగిసినాక ఐదేండ్లు ఆగితే మారినానని అర్జీ పెట్టుకోవచ్చు. నీకు రెండేండ్లు దాటింది."

"అంటే ఇంకా మూడేండ్లు. నా పాపకు తొమ్మిదేండ్లు వస్తాయి."

"మధ్యలో తాత్కాలిక పర్మిట్ అడగొచ్చు. ఇస్తారని నేను మాట ఇయ్యను. పాప వీసా వచ్చే నెలతో ముగుస్తాది. ఆరేండ్ల పిల్లను ఒంటరిగా విమానం ఎక్కిస్తావా?"

తిప్పేష్ బల్ల మీది గుడ్డముక్కను మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. రత్నమ్మకు జాలి వేసింది, కానీ జాలితో ఏ కాగితమూ మారదని ఆమెకు తెలుసు.

మొదటి కాగితం, ఊదే మిషన్ నుంచి వచ్చిన స్లిప్పు. రాప్తాడు దగ్గర హైవే మీద చెకింగ్. తేదీ 17-8-2023. సమయం మధ్యాహ్నం 3 గంటల 42 నిమిషాలు. ముప్పై దాటితే నేరం, వచ్చింది నూట అరవై ఎనిమిది. పేరు తిప్పేష్, కింద సంతకం. రెండోది మర్నాడు స్టేషన్‌లో రాసిన వాంగ్మూలం: 'సదరు పికప్ వాహనాన్ని నేనే నడిపాను.' దాని కింద కూడా సంతకం. మూడోది కోర్టు తీర్పు, ఒకటిన్నర లైను.

"ఎవురు నడిపినారు?"

"తెలీదక్కా."

"నీ బండి. నీ లైసెన్సు జిరాక్సు దాంట్లోనే ఉన్నింది. ఎవురు నడిపినారో నీకు తెలీదా?"

"తెలీదు."

"నిజం నువ్వు దాచిపెట్టుకుని నన్ను ఎతకమంటే ఎట్లప్పా? నేనేం సోదెమ్మనా?"

తిప్పేష్ చూపు నేల మీదికి దిగింది. ఈ చూపు రత్నమ్మకు కొత్త కాదు. ఇంట్లో మనిషిని కాపాడేవాడు ఇలాగే నేల చూస్తాడు. ఆమె తన నోటుపుస్తకం అతని ముందుకు తోసింది.

"సంతకం పెట్టు. తెలుగులో. మూడు సార్లు."

పెట్టాడు. రత్నమ్మ కళ్ళద్దాలు సర్దుకుని రెండు కాగితాల మీది సంతకాలనూ పక్కపక్కన పెట్టింది. స్టేషన్ వాంగ్మూలం కింద ఉన్నది అతనిదే, పుస్తకంలో ఉన్నదానికి అచ్చం. స్లిప్పు మీదది చూస్తే అదే పేరు, అవే మూడు అక్షరాలు. కానీ 'ప్పే' దగ్గర ఆమె చూపుడువేలు ఆగిపోయింది. తిప్పేష్ దీర్ఘం అక్షరం నెత్తి మీద పెట్టాడు. స్లిప్పు మీద సంతకం చేసినవాడి దీర్ఘం అక్షరం పక్కన తోకలాగా వేలాడుతోంది. తెలుగు బడిలో చదివినవాడు చచ్చినా అలా రాయడు. కన్నడ బడిలో చదివినవాడు అలా తప్ప ఇంకోలా రాయలేడు. తెలుగూ కన్నడమూ అక్కచెల్లెళ్ళంత దగ్గరగా ఉంటాయి గనక, కోస్తా నుంచి వచ్చిన కానిస్టేబులు ఎవరో చూసి అదీ తెలుగే అనుకుని ఉంటాడు.

ఆమె స్లిప్పు మడిచి పెట్టుకుంది. లేచి గోడౌన్ చుట్టూ చూసింది. బల్ల మీద నుంచి వేలాడుతున్న కటింగ్ మిషన్, దాని నల్ల వైరు. వెనక గోడకు ఒకే కిటికీ, ఐదు ఊచలు. అందులో రెండు కొత్తవి, రంగు కూడా వేయలేదు. ఎదురు గోడకు ఒక పెద్ద ఫొటో, దానికి ముత్యాల ప్లాస్టిక్ దండ. ఫొటోలో మనిషికి నారాయణ ముక్కే ఉంది.

అప్పుడే నారాయణ టీ గ్లాసులతో వచ్చాడు.

"మా అన్న నాగేశ్వర. ఈ యూనిట్ పెట్టింది ఆయప్పే. మిషన్ కరెంటు కొట్టి పోయినాడు, ఈడనే."

"అయ్యో. ఆ కిటికీ ఊచలు ఎందుకు మార్చినారు?"

"తుప్పు పట్టింటేనక్కా."

మిగతా మూడింటికి తుప్పు లేదు. రత్నమ్మ టీ తాగేసి బయటికి నడిచింది. ఆమె వెతుకుతున్నది ఊచలను కాదు, ఒక దీర్ఘాన్ని.

గేటు దగ్గర జీపు ఆగి ఉంది. జీపుకు ఆనుకుని ఇన్‌స్పెక్టర్ జయచంద్ర. అప్పట్లో ఆమెకు మెమో ఇచ్చిన చేయి ఇదే.

"ఏం రత్నమ్మా, తాగుబోతుల కేసులకు దిగినావా?"

"తాగనోళ్ళ కేసు సార్. మీకు అలవాటు లేదులెండి."

"స్లిప్పు కాపీ అడగ్గానే ఇస్తి గదా. ఇంకా ఏం కావల్ల?"

అవును, ఇచ్చాడు. మొన్న అడిగితే నిన్నటికల్లా ఇచ్చాడు. తన సర్వీసులో ఈయన ఒక గుండుసూది కూడా అడగ్గానే ఇవ్వలేదు.

"మీరు ఈడికి ఎందుకొచ్చినారు సార్?"

"పాత ఫైలు ఒకటి. అది నా పని." జయచంద్ర నవ్వాడు. "కోర్టు ముందర వాడే ఒప్పుకున్న కేసు ఇది. నీ తరం కాదు. ఆ పొద్దు రాప్తాడులో ఉన్నింది తిప్పేష్ కాదని కాగితం మీద చూపించు, పైకోర్టులో నేనే నీ పక్కన నిలబడి సాక్ష్యం చెప్తా."

"మాట తప్పకండి."

"రాసిమ్మంటావా?"

ఆ మాటకు రత్నమ్మ ఒళ్ళు మండింది. ఒళ్ళు మండిన మనిషి వేగంగా నడుస్తుంది, పక్కకు చూడదు. జయచంద్రకు కావలసింది కూడా అదేనని ఆమెకు ఆ ఎండలో తట్టలేదు.

ఆమె తిన్నగా టైలర్ల షెడ్డుకు పోయి, జేబులు కుట్టే పెద్దక్క పక్కన ముక్కాలిపీట లాక్కుంది. షెడ్డులో అందరికన్నా పాత మనిషి ఆమే.

"పెద్దక్కా, తిప్పేష్‌కు దగ్గరోడు, కన్నడం చదువుకున్నోడు ఎవురైనా ఉన్నాడా?"

పెద్దక్క మిషన్ ఆపలేదు. "ఇంకెవురు, ఆంజి. తిప్పేష్ చెల్లెలి మొగుడు. కర్ణాటకలో మొలకాల్మూరు పక్క. వానికి మాట తెలుగు, రాత కన్నడం. ముందు ఆ పికప్ మీదనే తిరుగుతాన్న్యాడు. ఇప్పుడు బస్టాండ్ కాడ హమాలీ."

పన్నెండున్నరకు బస్టాండు పక్క టీకొట్టులో ఆంజి రత్నమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, భుజం మీద తువ్వాలు, చూపు బస్సుల మీద.

"నా పూర్తి పేరు ఏంటికి రాయమంటాండావక్కా?"

"పార్సెల్ వచ్చింది. సంతకం పెడితే ఇస్తా."

'ఆంజనేయులు' అని రాశాడు. 'నే' దీర్ఘం పక్కన తోకై వేలాడింది. రత్నమ్మ స్లిప్పు తీసి దాని పక్కన పెట్టింది. ఆంజి రెండింటినీ చూశాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"పార్సెల్ ఇదేనా అక్కా?"

"ఇదే. 2023 ఆగస్టు పదిహేడు. యాడ తాగినావు?"

"కళ్యాణదుర్గంలో. అన్నం తినను నిలిపితి. ఒకటి అనుకుంటి, నాలుగాయ."

"లైసెన్సు ఉండెనా?"

"లేదు. అందుకే మా బావ జిరాక్సు చూపించి ఆయప్ప పేరు చెప్తి. ఊదమనిరి, ఊదితి. సంతకం పెట్టమనిరి, పెడితి. బండి పట్టుకుని నన్ను ఇంటికి పొమ్మనిరి. 'నా చెల్లెలి కాపురం కాలుస్తావారా' అని మా బావ తిట్టినాడే గానీ, నా పేరు మాత్రం యాడా చెప్పలా." అతని కళ్ళు నిండుకున్నాయి. "రెబెకక్క ఆడ, పాప ఈడ. నా వల్లే గదా. పండుకుంటే నిద్ర పట్టదక్కా."

"రాయదుర్గం నుంచి ఎన్నింటికి బయల్దేరినావు?"

"పన్నెండున్నర. ప్యాంట్ల మూటలు ఎక్కించి మా బావే నన్ను తోలె."

రత్నమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఏమంటివి?"

"మా బావే తోలె అంటి. అనంతపురానికి."

తోలె. తోలినాడు. చిన్నప్పుడు రత్నమ్మను తనకల్లు బడికి తోలింది వాళ్ళమ్మ. పెళ్ళయ్యాక అత్తగారింటికి తోలింది కూడా ఆమే. ఈ గడ్డ మీద తోలడమంటే పంపించడం. ఎద్దుల్ని తోలినా, బండి తోలినా అదే మాట అవుతుంది, అది వేరే సంగతి. మర్నాడు తిప్పేష్ బండి కోసం స్టేషన్‌కు పోతే, చెకింగ్‌లో లేని ఇంకో కానిస్టేబులు బండి తోలింది ఎవరని అడిగి ఉంటాడు. 'నేనే తోలినా సార్' అని తిప్పేష్ అని ఉంటాడు, పంపింది నేనే అని. కోస్తా కానిస్టేబులు దాన్ని నీటైన తెలుగులో 'నేనే నడిపాను' అని రాసుకున్నాడు. ఒక్క మాట వంకరగా దిగబడితే ఒక మనిషి తాగుబోతయ్యాడు, పెద్ద నేరస్తుడయ్యాడు, సముద్రాలకు ఇవతల కూతురితో ఇరుక్కుపోయాడు.

రత్నమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ పక్కన పెట్టి కాగితం తీసింది.

"ఆంజీ, రాయి. ఒకటి, బండి నడిపింది నేను, తాగింది నేను. రెండు, తిప్పేష్ పేరు పెట్టి సంతకం చేసింది నేను. మూడు..." ఆమె ఆగింది. కోర్టు అడిగే మొదటి ప్రశ్న ఆమెకు తెలుసు. "నువ్వు బండి తీసేటప్పుడు తిప్పేష్ యాడున్నాడు?"

"యూనిట్‌లోనే. గోడౌన్‌లో నాగేశ్వరన్నతో ఉండె."

"అదే రాయి. అదే గట్టి పాయింటు. తిప్పేష్ రాయదుర్గంలోనే నిలబడినాడు అని రాయి."

ఆంజి కన్నడ దీర్ఘాలతో తెలుగు రాశాడు. టీకొట్టు యజమాని సాక్షి సంతకం పెట్టాడు. ఒంటిగంటా ఇరవై. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన కాగితం తన చేతికి రాలేదని రత్నమ్మ మురిసిపోయింది.

రెండున్నరకు యూనిట్‌కు తిరిగి వచ్చేసరికి షెడ్డు ఖాళీ. కరెంటు లేదు, టైలర్లు అన్నాలకు పోయారు. గోడౌన్ లోపల తిప్పేష్ ఒక మూల నిలబడి ఉన్నాడు, కోతబల్ల మీద కాళ్ళు ఆడించుకుంటూ జయచంద్ర.

"దొరికిందా?"

రత్నమ్మ కాగితం బల్ల మీద కొట్టింది. "చదువుకోండి సార్. పక్కన నిలబడతానంటిరి గదా."

జయచంద్ర ఒకటోది చదివాడు, తల ఊపాడు. రెండోది చదివాడు, తల ఊపాడు. మూడోది పైకి చదివాడు. "తిప్పేష్ రాయదుర్గంలోనే, గోడౌన్‌లో నాగేశ్వరన్నతో ఉన్నాడు." కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఈ లైను నువ్వే రాయించినావా?"

"నేనే. ఏం?"

"నెల నుంచి ఇదే ఎతుకుతాండా రత్నమ్మా. నేను అడిగింటే ఆంజి నోరు తెరిచేటోడా? నీకైతే బావ మీద పాపం అని తెరిచినాడు." ఫొటో వైపు చేయి చూపించాడు. "నాగేశ్వర భార్య పెట్టిన అర్జీ మీద ఫైలు మళ్ళీ తెరిచినాం. ఎలుక కొరికిన వైరు కరెంటు కొట్టిందని అప్పుడు మూసేసినారు. అది ఎలుక పన్ను కాదు, కత్తి. కరెంటు లేని టైములో వైరు చెక్కి పెట్టినారు. మూడున్నరకు కరెంటు వచ్చింది, ఆయప్ప మిషన్ పట్టుకున్నాడు. ఐదున్నరకు చూస్తే షట్టర్ మూసుండాది. కిటికీ ఊచలు కోసి లోపలికి దిగినారు. తలుపు మూసి ఉంది అని మాత్రం రాసినారు మావాళ్ళు. ఏ పక్క నుంచి మూసినారో రాయలా. అది బయట నుంచి వేసిన తాళం."

రత్నమ్మ తిరిగి ఆ రెండు కొత్త ఊచలను చూసింది.

"ఈ షట్టర్‌కు తాళాలు రెండే. ఒకటి లోపల నాగేశ్వర జేబులో దొరికింది, మా కాడ భద్రంగా ఉండాది. రెండోది తిప్పేష్‌ది. ఇన్ని దినాలు వీని మీద చెయ్యి ఎందుకు వెయ్యలేకపోతినో తెల్సా? ఆ పొద్దు మూడూ నలభై రెండుకు వీడు రెండు గంటల దారి అవతల రాప్తాడులో తాగి ఊదినాడని కోర్టు తీర్పు ఉండాది. తీర్పును కాదనేదానికి నేనెవుర్ని? నువ్వు కాదన్నావు. కెనడా వాకిలి తెరిపించినావు, జైలు వాకిలి గూడా అదే తాళంతో తెరుచుకుంది."

"నన్ను వాడుకున్నారు."

"నిజం రాయనన్నందుకు కాదుగా నీకు మెమో ఇస్తి. నిజమే రాస్తానన్నందుకు. రాసినావు." షట్టర్ కింద నుంచి వంగి బయటికి నడిచాడు. "ఆంజిని జీపులో ఎక్కించుకుని గంటలో వస్తా. అంతవరకు వీడు నీ పూచీ. నువ్వు వదిలిపెట్టవని నాకు తెలుసు."

జీపు శబ్దం దూరమైంది. ఎవడో వెనక నుంచి తోసినట్టు రత్నమ్మ ఫొటో దగ్గరికి పోయింది. ముత్యాల దండ పక్కకు జరిపింది. పొద్దున దండ చాటున ఉన్న అక్షరాలు ఇప్పుడు కనిపించాయి.

మరణం: 17-8-2023.

చేయి చాపితే అందే దూరంలో ఉంది తేదీ. ఆమె దీర్ఘం వెతుక్కుంటూ బస్టాండుకు పోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. రెండు దారులున్నాయి తిప్పేష్‌కు. తాగుబోతుగా ఉంటే కూతురికి అమ్మను చూపించలేడు. తాగుబోతు కాదంటే హంతకుడు. ఆ రెండో దారి తవ్వింది తనే, అతని దగ్గర ఫీజు తీసుకుని మరీ.

"తిప్పేష్, ఇప్పుడు అబద్ధం ఆడితే నిన్ను దేవుడు గూడా కాపాడలేడు. స్టేషన్‌లో ఏమంటివి?"

"బండి నేనే తోలినా సార్ అంటి."

"వాళ్ళు నడిపినానని రాసుకున్నారని ఎప్పుడు తెలిసె?"

తిప్పేష్ ఫొటో వైపు చూశాడు. "కోర్టులో. చదివి వినిపించినప్పుడు."

"తెలిసే ఒప్పుకున్నావా?"

"తెలిసే ఒప్పుకుంటినక్కా." తిప్పేష్ గోడకు ఆనుకుని కిందకు జారాడు. "ఆ పొద్దు ఆంజిని తోలినాక పాపకు జొరమని ఇంటికి పోతి. రెబెకా డ్యూటీలో ఉండె. నన్ను చూసినోళ్ళు ఎవురూ లేరు. సాయంత్రం నాగేశ్వరన్న పోయినాడనిరి. షట్టర్‌కు తాళం వేసుండాది, ఊచలు కోసినారు అనిరి. అప్పుడే నాకు వెన్నులో చలి పుట్టె."

"ఎందుకు?"

జేబులోంచి గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పికప్ తాళం, డీజిల్ మూత తాళం, పొడుగాటి షట్టర్ తాళం. మూడూ ఒకే రింగుకు.

"ఇది ఎప్పుడూ ఇట్లే ఉంటాది. ఆ పొద్దు బండితో పాటే పోయె. బండిని పట్టుకున్నప్పుడు గుత్తి గూడా స్టేషన్‌లో పెట్టుకుని రసీదు రాసిరి. కోర్టు అయినాకనే ఇచ్చిరి. రసీదు నా ఇంట్లో ఉండాది."

రత్నమ్మ తాళాలను వేళ్ళ మీద లెక్కపెట్టింది. నాగేశ్వర తాళం నాగేశ్వర జేబులో, లోపల. తిప్పేష్ తాళం రాప్తాడులో, పోలీసుల దగ్గర. మరి షట్టర్‌కు బయట నుంచి తాళం వేసింది ఎవరు?

"మూడోది ఒకటి ఉండాదని నాకు ఆ పొద్దే తెలిసె," తిప్పేష్ గొంతు గుసగుసలోకి దిగింది. "నేను ఊర్లో ఉంటినని, తాళం నా కాడ లేదని చెప్తే, మూడోది ఉన్నోడు నన్ను బతకనిస్తాడా? రాప్తాడులో తాగి పడిపోయినాడు, వానికేం తెల్సు అని అందరూ అనుకుంటాండ్రి. అనుకోనీ అని ఊరుకుంటి. తాగుబోతనే పేరే నాకు తాయెత్తు అయిపాయ. పాప వీసా రాకపోయింటే చచ్చేదాకా కట్టుకునే ఉందును."

"మూడోది ఎవురి కాడ ఉండాదో తెల్సా?"

అతని చూపు ఆమె భుజం మీదుగా షట్టర్ వైపు పోయి ఆగిపోయింది. రత్నమ్మ వెనక్కి తిరిగింది. సగం దించిన షట్టర్ కింద, ఎండలో, రెండు కాళ్ళు. చెప్పులు, తెల్ల పంచె అంచు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి వింటున్నాయో.

"నారాయణా!" అని అరిచింది.

జవాబుగా షట్టర్ గడగడమంటూ నేలదాకా దిగింది. గోడౌన్ చీకటైపోయింది, వెనక కిటికీ వెలుగు తప్ప. తిప్పేష్ లేవబోయి బల్లను పట్టుకున్నాడు. రత్నమ్మ చేతిలో గుత్తి ఉంది, పొడుగాటి తాళం ఆమె అరచేతిలోనే గుచ్చుకుంటోంది.

బయట ఇనుములో ఇనుము దూరిన చప్పుడు. ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది.

పొద్దున తాళం లేదని ఇరవై నిమిషాలు ఎండలో కాచుకున్న మనిషి, బయట నుంచి తాళం వేసి వెళ్ళాడు.